నలభై ఒకటో గుంత హాజరు

ఎండిన గుంత అంచున కర్ర తగిలితే ఒక బోలు చప్పుడు వస్తుంది. మొన్న మధ్యాహ్నం, ఎ.కొండూరు వైపు గుట్ట మీద ఆ చప్పుడు వినగానే నా నోరు దానంతటదే "ఉన్నానమ్మా" అనబోయింది. పళ్లు బిగించి ఆపుకున్నాను.

ఆ మాట నేర్పింది రూతమ్మ మేడం. తిరువూరులో పంతులమ్మగా రిటైరై, ఈ గుట్ట మీద మొక్కల పనికి సూపర్‌వైజరుగా వచ్చారు. నేను ఆవిడ కింద కొత్తగా చేరిన అసిస్టెంటుని. దేశం వదిలే పొగకు బదులుగా చెట్లు పెంచుతామని ప్రభుత్వం లోకానికి మాటిచ్చింది. ఆ మాటలో మా వంతు ఈ గుట్ట. మొక్కమొక్కకీ ఒక నంబరు, ఫోనులో ఒక ఫొటో. మేడానికి ఫొటోల మీద నమ్మకం లేదు. బడిలోలాగే రోజూ హాజరు పిలిచేవారు. గుంత అంచున కర్రతో తట్టి నంబరు చెబితే, మొక్క బతికుంటే దాని తరఫున నేను "ఉన్నానమ్మా" అనాలి. చచ్చిపోతే నోరెత్తకూడదు. అప్పుడు ఆవిడ కాసేపు అలాగే నిలబడేవారు. గాలి ఆగిన మే నెల ఎండలో, గుంతలో ఎవరో జవాబు వెతుక్కుంటున్నట్టు ఉండేది. నాకు భయమేసేది. గుట్ట దిగాక మాత్రం, ఈవిడకి చాదస్తం ముదిరిందని నవ్వుకునేదాన్ని.

ఒకరోజు తనిఖీ ఉందని తెలిసి, నలభై ఒకటో గుంతలో ఎండుపుల్లని చూస్తూనే "ఉన్నానమ్మా" అన్నాను.

మేడం వెనక్కి తిరగలేదు. "ఎవరు పలికింది?"

"నేనేనండి. ఒక్కటే కదా మేడం."

"చచ్చినదాని తరఫున పలకొద్దమ్మాయ్. బతికుందని రాస్తే దాని బదులు ఇంకో మొక్క రాదు. అన్నీ బతికాయని రాస్తే, పని అయిపోయిందని నీళ్ల ట్యాంకరే రాదు. ఇంకో మాట. దానికి ఒకసారి నీ గొంతిచ్చావంటే, మళ్లీ తిరిగివ్వదు."

మరుసటి వేసవిలో మేడానికి పక్షవాతం వచ్చింది. రిపోర్టు రాసే పని నా చేతికొచ్చింది. "మీ గుట్టొక్కటే వెనకబడిందేంటి?" అని పైనుంచి ఫోను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. బతికున్న మొక్కనే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి, చచ్చినవాటి నంబర్లకి పెట్టాను. ఆఫీసు మ్యాపులో గుట్టంతా పచ్చబడింది. పని పూర్తయిన గుట్టకి నీళ్లెందుకని ట్యాంకరు ఆపేశారు. నిజంగా బతికున్న మొక్కలు కూడా మాడిపోయాయి. వాటిని చంపింది నేనే.

మేడాన్ని చూడ్డానికి వెళ్తే, వంకరపోయిన నోటితో, "మొక్కలెలా ఉన్నాయి?" అన్నారు.

"అన్నీ ఉన్నాయమ్మా."

ఆవిడ కళ్లు మూసుకుని, వేలితో మంచం పట్టె మీద ఒక్కసారి తట్టారు. జవాబు కోసం ఆగారు. నేను పలకలేకపోయాను. ఆ వారమే పోయారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీ నాది. మ్యాపులో ఆ గుట్ట నేటికీ పచ్చగానే ఉంది. మొన్న ఒంటరిగా గుట్టెక్కి ఒకటి నుంచి హాజరు పిలుస్తూ, ప్రతి నంబరుకీ 'లేదు' అని ఫోనులో కొట్టాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. నలభై ఒకటి దగ్గర తట్టి, నోరు గట్టిగా మూసుకున్నాను.

వెనక నుంచి "ఉన్నానమ్మా" అని వినిపించింది. అది నా గొంతే.

నేను వెనక్కి తిరగలేదు. ఒకప్పుడు మేడం నిలబడినంత సేపు నేనూ నిలబడి, 'లేదు' అని కొట్టాను.