గార్డుగారి గొంతుకు కొలతలు

మా మేనత్త చచ్చిపోయిన మనిషిని కాపలా ఉద్యోగంలో పెట్టుకుంది. నేను కోతలు కోస్తానని ఒక పుకారుంది. దాన్ని పుట్టించింది నేనే కాబట్టి నమ్మకండి. ఆ మనిషిని సాగనంపిన నలుగురిలో ముందు ఎడమవైపు భుజం నాది. అదే మనిషి రెండు నెలల తర్వాత మెట్లమీద నన్ను ఆపి, "కాళ్ళు తుడుచుకో" అన్నాడు. తుడుచుకున్నాను. మీరైనా తుడుచుకుంటారు.

ఆయన దగ్గరికి వచ్చేముందు అత్తయ్యకున్న జబ్బు చెప్పాలి. ఆవిడ ఏ మాటనైనా నలభైసార్లు అంటుంది. ముప్పైతొమ్మిదితో ఆపినట్టు చరిత్రలో లేదు. మూడంతస్తుల పాత భవనంలో కింది వాటాలో ఆవిడకి దర్జీ కొట్టు ఉంది, దాని వెనక గదిలో కాపురం. చదువు నన్ను మూడోసారి వదిలించుకున్నాక నేను చేరింది అక్కడికే.

"చొక్కా ఎప్పుడిస్తారండీ?" అని ఎవరైనా అడగడం ఆలస్యం, "గురువారం రండి" మొదలయ్యేది. ఐదోసారికి వచ్చినవాళ్ళు నవ్వేవారు. పదోసారికి సంచీ సర్దుకునేవారు. ఇరవయ్యోసారికి గుమ్మం ఎటుందో వెతుక్కునేవారు.

"విన్నానమ్మా, గురువారం!"

"మీరు విన్నారు. అది వినొద్దూ?"

అది అంటే మిషను పైన వేలాడే పంజరంలోని గుండీ. పిడికెడంత చిలక. వచ్చిన రోజునే ఒక కోటు గుండీ మింగబోయింది కనుక ఆ పేరు. "ఎర్రదారం" అంటే ఎర్ర రీలు ముక్కుతో దొర్లించుకొచ్చేది. బుల్లి నిచ్చెన ఎక్కి గంట కొట్టేది. సూదిలో దారం ఎక్కించేదని కూడా నేను నలుగురికీ చెప్పాను. ఎక్కించలేదు గాని, ఎక్కించాలనే పట్టుదల దాని కళ్ళలో నేను చూశాను.

చదువు చెప్పే పద్ధతి కఠినమైనది. పంజరంమీద నల్లగుడ్డ కప్పాలి. గది చీకటి చెయ్యాలి. ఒకే మాట, ఒకే గొంతుతో, నలభైసార్లు. మధ్యలో నేను తుమ్మితే మళ్ళీ ఒకటి నుంచి. ఆఖర్న గుడ్డ తీసి ఒక గింజ. నాకు ఇలా చెప్పి ఉంటే నేనీపాటికి డాక్టరునై ఉండేవాణ్ణని ఒకసారన్నాను. "నువ్వు గింజలు తిని పారిపోయే రకానివిరా" అంది అత్తయ్య.

చిలకలకి ఒక పాడు గుణం ఉంది. మనం పెట్టింది తినవు, పక్కన రాలింది ఏరుకుంటాయి. "గురువారం రండి" నేర్పితే, గుండీ దానితోపాటు అత్తయ్య నోట్లో గుండుసూదులు పెట్టుకుని విడిచే నిట్టూర్పునీ, మిషను చప్పుడునీ, కొలతల పుస్తకంలోని అంకెల్నీ ఏరుకుంది. మిట్టమధ్యాహ్నం, కొట్లో పురుగు కూడా లేనప్పుడు, మిషను టకటకా నడిచేది. తొంగి చూస్తే చక్రం కదలదు. తర్వాత ఎవరో ఆడమనిషి పక్కనే నిలబడ్డట్టు నిట్టూర్చి, "ఛాతీ ముప్పై ఎనిమిది" అనేది. నాది ముప్పై ఎనిమిదే. ఆ కొట్లో ఒంటరిగా కూర్చోడం నాకెప్పుడూ నచ్చేది కాదు.

సరిగ్గా మా నెత్తిమీది వాటాలో గార్డుగారు ఉండేవారు. ముప్పయ్యేళ్ళు రైలు చివరిపెట్టెలో పనిచేసి వచ్చిన మనిషి. భార్యకి చూపు దాదాపు లేదు. ఆవిణ్ణి మేమంతా పిన్నిగారనేవాళ్ళం. మెట్లమీద ఎవరి అడుగు వినబడినా గార్డుగారు లోపలినుంచే దగ్గి, "ఎవరది? కాళ్ళు తుడుచుకో" అనేవారు. పై అంతస్తుకి పోయేవాళ్ళని కూడా వదిలేవారు కాదు. ఆ గొంతు విని పిల్లులు సైతం దారి మార్చుకున్నాయి. వానాకాలం మొదట్లో ఆయన పోయారు. ఆ మర్నాటినుంచి మెట్లు మట్టికొట్టుకుపోయాయి.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం పిన్నిగారి తలుపు తోసుకుని ఎవరో వచ్చాడు. "నీళ్ళ గొట్టం చూడాలి" అన్నాడట. తర్వాత ఒక్క మాట లేదు. గది మధ్యలో నిలబడ్డాడు. ఆవిడ కుర్చీలో కదలకుండా కూర్చుని అతని ఊపిరి వింటూ ఉండిపోయింది. ఆ ఊపిరి కిటికీ దగ్గరికి పోయింది, బీరువా దగ్గరికి పోయింది, చివరికి ఆవిడ మొహం దగ్గరికొచ్చి ఆగింది. వెళ్ళేటప్పుడు రేడియో పట్టుకుపోయాడు.

"రేడియో పోతే పోయిందమ్మా, నా గుండె కూడా ఎత్తుకుపోయాడు" అంది ఆవిడ.

అప్పటినుంచి మెట్లమీద అడుగు వినబడితే చాలు, ఇనప్పెట్టె ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టేది. రోజుకి ముప్పైసార్లు మా నెత్తిమీద ఘర్‌ర్‌మని చప్పుడు. సంగతి ఇల్లుగలాయన చెవిన పడింది. "చూపులేని ఆడమనిషి ఒంటరిగా ఉంటే కుదరదు. రేపేమైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది. మూడు నెలల్లో ఖాళీ చెయ్యాల్సిందే" అని చెప్పి వెళ్ళాడు. ఆవిడకి వెళ్ళడానికి మరో గడప లేదు. గోడ తడుముకుంటూ ఎన్ని అడుగులకి స్నానాలగది, ఎన్ని అడుగులకి పొయ్యి అన్నది ఆ ఇంట్లోనే తెలుసు. ఇంకో ఇంట్లో పెడితే పీట తన్నుకుని పడుతుంది.

ఇది జరిగిన కొన్నాళ్ళకి ఒక ముసురు మధ్యాహ్నం, డాబామీద ఆరేసిన గుడ్డలు తేవడానికి మెట్లెక్కాను. కరెంటు లేదు. మెట్లగది బావిలో దిగినట్టుంది. మూడో మెట్టు కిర్రుమంది. పైన ఎవరో దగ్గారు.

ఆగాను. మళ్ళీ దగ్గు.

"ఎవరది?"

ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతుకి సంబంధించిన మనిషిని నేను భుజంమీద మోశాను, ఎంత బరువో కూడా తెలుసు.

"కాళ్ళు తుడుచుకో."

నేను పారిపోలేదు. ముందు కాళ్ళు తుడుచుకున్నాను. పారిపోవడం తర్వాత జరిగింది. కొట్లోకి వచ్చి పడేసరికి అత్తయ్య గుడ్డ కత్తిరిస్తోంది. పంజరంమీద నల్లగుడ్డ కప్పి ఉంది.

"అత్తయ్యా! గార్డుగారు! పైన! దగ్గారు!"

ఆవిడ తలెత్తలేదు. "ఎన్నిసార్లు?"

"ఏంటి ఎన్నిసార్లు?"

"దగ్గాడంటున్నావుగా. ఎన్నిసార్లు?"

"రెండు."

"రెండేనా?" కత్తెర ఆగింది. మొహంలో భయం లేదు, జాకెట్టు చెయ్యి పొట్టి పడినప్పటి చిరాకు ఉంది. "మూడుండాలే..."

అప్పటినుంచి అత్తయ్యంటే నాకు ఒళ్ళు జలదరించడం మొదలైంది. ఆవిడ ఎదురుగా అన్నం తింటున్నా ఒక కన్ను తలుపుమీదే ఉంచేవాణ్ణి. భవనమంతా గుసగుసలు. మూడో అంతస్తు పోస్టుమాస్టరు గొంతు విన్నాడు. పాలవాడు విన్నాడు, క్యాను కింద పెట్టి, కాళ్ళు తుడుచుకుని, క్యాను అడుగు కూడా తుడిచాడట. మెట్లు అద్దాల్లా తయారయ్యాయి. జనం చెప్పులు చేతబట్టుకుని, పసిపిల్లలున్న గదిలో నడిచినట్టు నడిచేవారు.

పైగా ఆ దయ్యం తీరు సవ్యంగా లేదు. ఒకరోజు "ఎవరది?" అన్నాక నిట్టూర్చింది, ఆడదానిలా. ఇంకోరోజు, "కాళ్ళు గురువారం తుడుచుకో" అంది. పోస్టుమాస్టరు గురువారం సెలవు పెట్టాడు.

అత్తయ్య రోజూ సాయంత్రం ఆరింటికి కొట్టు మూసి మేడమీదికి పోతోందని కనిపెట్టాను. నాలాంటి ధైర్యవంతుడు ఊరుకుంటాడా? నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదోరోజు వెనకాలే వెళ్ళాను. పిన్నిగారి తలుపు సందులోంచి చూస్తే గదంతా చీకటి, కిటికీలకి దుప్పట్లు. మధ్యలో నల్లగుడ్డ కప్పినదేదో ఉంది. దానికి అటూ ఇటూ ఇద్దరు ఆడవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. గార్డుగారు దగ్గుతున్నారు. ఆ దగ్గు మా అత్తయ్య నోట్లోంచి వస్తోంది.

తలుపు చెక్క గట్టిగా పట్టుకున్నాను.

"అది కాదమ్మాయ్" అన్నారు పిన్నిగారు మెల్లగా. "మూడో దగ్గు పొట్టిది. సగంలో మింగేసేవారు."

అత్తయ్య దగ్గింది.

"ఆఁ, అదీ! ఇప్పుడు 'ఎవరది' అన్నప్పుడు కోపం తగ్గించు. ఆయనకి కోపం లేదు, గొంతే అంత."

అత్తయ్య మగగొంతుతో "ఎవరది?" అంటూ నలభైకి ప్రయాణం కట్టింది. పన్నెండోసారికి నా చెయ్యి తగిలి తలుపు తెరుచుకుంది. పిన్నిగారు చప్పున పెట్టె వైపు తిరిగారు.

"మనవాడే లెండి. వెధవ, ఒకటి నుంచి మొదలెట్టాలి మళ్ళీ!" అంది అత్తయ్య. గుడ్డ తీస్తే గుండీ. కొట్లో నల్లగుడ్డ కింద వేలాడుతున్నది నెలరోజులుగా ఖాళీ పంజరం.

నాకు కోపమొచ్చింది. "ఏంటత్తయ్యా ఇది? పాపం, ఆవిడ నిజంగానే ఆయన ఉన్నారనుకుంటే?"

పిన్నిగారు నవ్వారు. "నలభయ్యేళ్ళు కాపురం చేశాను నాయనా. మొగుడికీ చిలక్కీ తేడా తెలీదా నాకు? నాకు తెలిసినా పరవాలేదు. మెట్లమీదున్నవాడికి తెలీకపోతే చాలు."

ఆ క్షణంనుంచి నాకూ ఉద్యోగం దొరికింది. మూడో మెట్టు కిర్రుమన్నప్పుడల్లా గుండీ తప్పకుండా మొదలుపెట్టాలి. ఆ కిర్రు చదువు చెప్పడానికి ఒక మనిషి కావాలి. "నీకు కాళ్ళున్నాయిగా" అంది అత్తయ్య. రోజూ ఆ మెట్టు ఎక్కి దిగాను. ఎన్నిసార్లో మీకు చెప్పక్కర్లేదు.

గడువు తీరిన రోజు ఇల్లుగలాయన వచ్చాడు. వాన పట్టేట్టు ఉంది, పగలే దీపాలు కావాల్సొచ్చింది. దయ్యం సంగతి ఎవరో చెబితే, "అద్దె ఎగ్గొట్టడానికి ఎత్తులు" అని కొట్టిపారేశాడు. నన్ను వెంట రమ్మన్నాడు. ధైర్యానికి కాదట, సాక్ష్యానికట.

పిన్నిగారు పెట్టెమీద కూర్చుని ఉన్నారు. బట్టలు అందులో సర్దేసుకున్నారని తర్వాత తెలిసింది. గుండీ మీద ఆవిడకే నమ్మకం లేదు; పొద్దుటినుంచి అది నోరు విప్పలేదు.

మూడో మెట్టు కిర్రుమంది. నిశ్శబ్దం. మేము మిగతా మెట్లన్నీ ఎక్కి గుమ్మం దగ్గరికొచ్చాం. నిశ్శబ్దం. ఇల్లుగలాయన నావైపు తిరిగి పళ్ళు బయటపెట్టాడు. "ఏడీ మీ గార్డు?" అని గడపలోకి కాలు వెయ్యబోయాడు.

లోపలిగదిలో దగ్గు. ఒకటి. రెండు. మూడోది పొట్టిది, సగంలో మింగేసింది.

"ఎవరది? కాళ్ళు తుడుచుకో."

ఇల్లుగలాయన కాలు గాల్లోనే ఉండిపోయింది. సాగనంపిన నలుగురిలో ముందు కుడివైపు భుజం ఆయనదే. మెల్లగా ఆ కాలు దించి తుడుచుకున్నాడు. రెండోదీ తుడుచుకున్నాడు. అంతటితో అయిపోతే మర్యాదగా ఉండేది. కానీ గుండీ కొట్లో నాలుగేళ్ళు కూర్చున్న పక్షి. గార్డుగారి గొంతుతోనే, తీరిగ్గా, కొలతల పుస్తకం చదివినట్టు, "నడుము నలభై రెండు" అంది.

ఇల్లుగలాయన రెండు చేతులతో నడుము పట్టుకున్నాడు. ఆయనది నలభై రెండే.

"పొడుగు..." అంది గొంతు. ఆగింది. నిట్టూర్చింది.

"కొలతలు తీస్తున్నాడ్రా!" అన్నాడాయన, నా చొక్కా పట్టుకుని. "దేనికిరా నాకు కొలతలు? దేనికి?"

"నాకేం తెలుసండీ? గురువారం తెలుస్తుందేమో."

అది నేను అనకుండా ఉండాల్సింది. ఆయన అక్కడే మెట్టుమీద చతికిలబడ్డాడు. పిన్నిగారు మంచినీళ్ళు తడుముకుంటూ తెచ్చిచ్చారు. ఆయన ఒక్క గుక్కలో తాగేశాడు. "మరైతే ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారు బాబూ?" అని ఆవిడ అడిగితే, లోపలిగది వైపు చూస్తూ చేతులు జోడించాడు.

"ఖాళీ ఎందుకమ్మా? ఒంటరిగా ఉంటే కదా ఇబ్బంది. మీరు ఒంటరిగా... లేరుగా."

పిన్నిగారు ఇప్పటికీ ఆ వాటాలోనే ఉన్నారు. పెట్టె గోడవారకి చేరింది, దానిమీద పంజరం. గొట్టాలు చూసే మనుషులెవరూ రెండో మెట్టు దాటలేదు. అత్తయ్యకి మాత్రం మిషను పైన ఖాళీ కొక్కెం మిగిలింది. ఇంకో చిలకని తెచ్చుకోమంటే, "ఇది చాలు" అంటూ మేడవైపు చూపిస్తుంది. నాలుగేళ్ళు గింజ గింజ పెట్టి పెంచుకున్న ఒకే ఒక్క తోడుని, పైనున్న మనిషి కంటినిండా నిద్రపోవడానికి ఇచ్చేసింది. దాన్ని దయ అనకపోతే ఏమంటారని ఇక్కడిదాకా రాసి, ఆవిడకి చదివి వినిపించాను.

అత్తయ్య నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటీ తీసి సూదుల దిండుకి గుచ్చింది.

"దయా లేదు, గియా లేదు. ఆవిడ ఆ పెట్టె ఈడ్చినప్పుడల్లా పైకప్పు సున్నం రాలి నల్లకోట్లన్నీ పాడవుతుంటేనూ, అందుకిచ్చాను."