అవ్వ పటంలో కాకి నోట్లో ఏముంది?

మా తమ్ముడు దావీదు తొమ్మిదేళ్లుగా నా గడప తొక్కలేదు. ఆస్తి తగాదా కాదు, పటం తగాదా. మా అవ్వ ఒక దొరసాని ఇంట్లో వంట చేసేది. ఆ దొరసాని తన దేశానికి పోతూ ఇచ్చిన నల్లగీతల అచ్చుబొమ్మ అది. పెద్ద గడ్డం ముసలాయన, ఒంటిమీద తోలు, తలపైన ఏదో కరుచుకున్న కాకి. కింద ఉన్న పేరును చెదలు తినేశాయి. తమ్ముడి బోర్లు వరసగా ఎండిపోయిన ఏడాది, ఎవరో వాడితో “కాకి ఉంటే శనిదేవుడే, నోట్లోది ఎముక” అన్నారు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాడు శనికి భయపడ్డాడు! పారేయమన్నాడు. నేను పారేయలేదు. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, ఇది కూడా ఫోనుకు చెబితే అదే రాస్తోంది. అయినా ఆ ముసలాయన ఎవరో తేల్చాలని బయలుదేరాను.

హిందూపురంలో పొద్దున ఏడింటి బస్సెక్కాను. ఒళ్లో పటం చూసి కండక్టరు నవ్వాడు.

“ఏమప్పా, మీ నాయన పటమా?”

“ఎవురో తెలిస్తే నీకెందుకు చెప్పను? తెలుసుకొనేదానికే పోతాండా.”

గంటలో పెనుకొండ వచ్చింది. కోట కింది వీధిలో ఉండే ముసలి పాస్టరుగారు నాకు ఇడ్లీ పెట్టించి, పటాన్ని కిటికీ దగ్గరికి పట్టుకుపోయారు.

“రాగిరేకు మీద గీతలు చెక్కి అచ్చేసిన బొమ్మప్పా ఇది. ఎవురో ప్రవక్తే. కాకి నోట్లో రొట్టె ఉంటే మాత్రం ఏలీయా. కరువు కాలంలో వాగు పక్కన దాక్కున్నాయనకు దేవుడు కాకులతో తిండి పంపించినాడు. నా కండ్లకు ఆనలేదు. ధర్మవరంలో చీరల డిజైన్లు గీసే రమణమ్మ ఉండాది, ఆమె కాడ భూతద్దం ఉంటాది.”

మధ్యాహ్నం బస్సులో ధర్మవరం చేరాను. రమణమ్మ మగ్గాల చప్పుడు మధ్యలోనే పటం అద్దం ఊడదీసి, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

“ఈడ సూడు తాతా. ఎముకైతే గీతలు పొడుగ్గా పోవల్ల. ఇవి గుండ్రంగా తిరుగుతాండాయి. మేం చీరమీద మామిడిపిందెకు నీడ పెట్టేదీ ఇట్లే. ఇది రొట్టె. ఆయన సెయ్యి సూడు, శాపం పెట్టేది కాదు, అందుకొనే సెయ్యి.”

అవ్వ రోజూ పొద్దున సంగటి ముద్దలో మొదటి తునక గోడమీద పెట్టి కాకిని పిలిచేది. చచ్చిన పెద్దలకు పెడుతోందని చర్చి సంఘంలో అందరూ తిట్టేవాళ్లు. ఒక్కమాట తిరిగి అనేది కాదు. కరువులో ప్రవక్తకు అన్నం పెట్టిన కాకికి ఆమె తన ముద్దలో వాటా ఇచ్చిందని నాకు ఈ వయసులో తెలిసింది.

సాయంత్రం రైల్లో వెనక్కి వస్తూ, ఇడ్లీ పెట్టిన ఆయనకూ, పని ఆపుకుని చూసిన ఆమెకూ మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇద్దరూ పైసా తీసుకోలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి పాత పటం ఉంటే పగటిపూట తీసుకెళ్లండి, అద్దం తీయించి చూపించండి. అద్దం మెరుపు అడ్డమొస్తే రొట్టె కూడా ఎముకలాగే కనిపిస్తుంది.

దావీదూ, పటం మళ్లీ నడింట్లో తగిలించాను. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక సంగటి వండిస్తాను. వస్తావా, రావా? శనివారం పొద్దు గూకేలోగా నాకు చెప్పు.