టీచరుగారి ఇత్తడి గ్లాసు

మంగళవారం పొద్దున్న ఫోను మోగితే, మా ఆయన కబురేమోనని తడిచేత్తోనే ఎత్తాను. టీచరుగారి కోడలు. "అత్తయ్యగారు నిద్దట్లోనే పోయేరండీ," అంది. ఏడవడానికి కూడా ఓపిక లేక గిన్నెల ముందే కూర్చుండిపోయాను.

మా ఆయన గల్ఫుకి వెళ్ళి నాలుగేళ్ళు. ఫోన్లు ఆగిపోయి రెండేళ్ళు. పని మానేసి వెళ్ళిపోయాడని కంపెనీవాళ్ళు చెప్పారు, అంతే. మా అల్లవరంలో మాత్రం అందరికీ ఏదో ఒకటి తెలుసు. వచ్చేస్తాడులే అనేవాళ్ళు సగం, నన్ను చూడగానే గొంతు తగ్గించేవాళ్ళు సగం. పేరంటంలో బొట్టు పెట్టే చెయ్యి నా దగ్గరికొచ్చేసరికి తటపటాయించేది. "తెలీదమ్మా" అని మొహం మీద చెప్పింది టీచరుగారొక్కరే.

రిటైరయ్యాక ఆవిడ బౌద్ధం పట్టుకున్నారు. ఆదివారం పొద్దున్న వరండాలో చాపలు పరిచి ఏడెనిమిది మందిని కూర్చోబెట్టేవారు. ఊపిరి చూసుకోమనేవారు. అయిపోగానే ఇత్తడి గ్లాసు మీద చెంచాతో ఒకసారి తట్టేవారు. అందరి ఫోన్లూ ఆపించేవారు, నాది తప్ప. "నీది పక్కనే ఉండనీ. మోగితే తీద్దువుగాని. మోగకపోతే, మోగలేదని తెలుస్తూనే కూర్చో. తెలీనిదాన్ని తెలీనట్టే ఉంచి కూర్చోడం కూడా సాధనేనమ్మా," అన్నారు. మొదట్లో ఒక్క ఊపిరికి రెండుసార్లు ఫోను చూసేదాన్ని. అదేం ధ్యానమో!

ఆవిడేదో మహాజ్ఞాని అని మీకు చెప్పబోవడం లేదు. అమలాపురం బస్సు వస్తుందో రాదోనని అరగంట ముందే వెళ్ళి నిలబడేవారు. మేం నవ్వితే, "నాకూ ఇంకా రాలేదమ్మా ఈ పాఠం," అనేవారు.

పోయినేడాది మా అత్తగారు, ఏదో ఒకటి తేల్చేద్దామన్నారు. నా బొట్టు తీయించి, కొడుక్కి కర్మ చేయించేస్తే ఇక వీధి వైపు చూడక్కర్లేదట. ఆవిణ్ణి తప్పు పట్టను. కన్నతల్లి, చూసి చూసి అలిసిపోయింది. నేనూ సరేననుకుని, ఆ మాట చెప్పడానికి టీచరుగారింటికి వెళ్ళాను.

"అతను లేడని నీకు తెలిసిందా?"

"లేదండీ."

"ఉన్నాడని?"

"తెలీదండీ."

"మరెందుకమ్మా ఈ తొందర?"

"ఇలా ఉండలేకపోతున్నానండీ."

"అలిసిపోయేవు కదూ?"

"ఆయ్."

"అదొక్కటే నీకు తెలిసింది. ముందు కాసేపు పడుకో."

ఆ చాప మీదే పడుకున్నాను. లేచేసరికి ఎండ వాలిపోయింది. ఆవిడ పక్కన కూర్చుని పెసలు ఏరుతున్నారు. నా ఫోను ఆవిడ ఒళ్ళో ఉంది. "మోగలేదమ్మా," అన్నారు. ఓదార్పుగా కూడా కాదు, ఉన్నది ఉన్నట్టు. నా బదులు ఇంకొకరు కాసేపు ఎదురుచూశారు, నాకంతే చాలనిపించింది. ఇంటికెళ్ళి, ఇప్పుడే వద్దండీ అత్తయ్యగారూ అన్నాను. ఆవిడ, తీసి దాచేసిన కుంకుమ భరిణె తెచ్చి మళ్ళీ అద్దం ముందు పెట్టారు.

మొన్న ఆదివారం టీచరుగారు లేకుండానే కూర్చున్నాం. కోడలు చాపలు పరిచి, గ్లాసూ చెంచా తెచ్చి నా పక్కన పెట్టింది. "మీరే తట్టండక్కా," అంది. ఎంతసేపటికి తట్టేవారో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఎడంపక్క ఫోను, కుడిపక్క గ్లాసు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. వెనకెవరో దగ్గారు. అందరూ నా చేతికోసమే చూస్తున్నారని తెలుసు. ఇంకొక్క ఊపిరి చూసి తడదామనుకున్నాను. ఆ తర్వాత, ఇంకొక్కటి.