అత్త చూడని వేలూరు

మా కోడలి చెల్లెలు నిన్న తిరుపతి నుంచి ఫోన్ చేసింది. రెండు దినాలు వేలూరికి వస్తాదంట. "అత్తా, యాడ తినాల, ఏమేం చూడాల, మీరే చెప్పండి" అనింది. ఈ కాలం పిల్లోళ్ళు ఇంట్లో కూచోనే ఫోన్లో ఊరంతా చూసేస్తారు కదా, నన్నెందుకు అడగతాదో అనుకుంటూనే నోరు తెరిచినాను, ఇంక మూస్తే ఒట్టు. పొద్దున ఇడ్లీకి పాత బస్టాండు వెనక సందులోకి పో, బోర్డు పెద్దగా ఉండే అంగడికి మాత్రం పోవద్దు. మధ్యాన్నం బిర్యానీ తింటే వంకాయ కూర అడిగి మరీ వేయించుకో, మా పక్క ముళ్ళ వంకాయకి సాటి లేదు. ఎండ తగ్గినాక కోటకి పో, అగడ్త ఒడ్డున కాసేపు నడువు, లోపల ఈశ్వరుడి గుడిలో కల్యాణ మంటపం నిమ్మళంగా చూడు. ఇంకా పొద్దుంటే పళ్ళికొండకి పోయి, పడుకోనుండే రంగనాథస్వామికి ఒక దండం పెట్టుకోని రా. ఫోన్ పెట్టేసినాక చూసుకుంటే అందులో నా మాట ఒక్కటీ లేదు. అన్నీ మా మామ మాటలే.

మామంటే మా మేనత్త మొగుడు. వేలూరు పక్కనుండే గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. మా అమ్మ పోయినాక నేను వాళ్ళింట్లోనే పెరిగినాను. చిత్తూరు, పలమనేరు పక్క మా చుట్టాల్లో ఎవరికి జబ్బు చేసినా వేలూరు పెద్దాసుపత్రికే వస్తారు, వచ్చి మా ఇంట్లోనే దిగతారు. మామ వాళ్ళకి ఉత్త ఆసుపత్రి చూపించి పంపే రకం కాదు. "ఆసుపత్రి ఒకటే చూసి పోతే మనిషి సగం చచ్చిపోతాడప్పా. కడుపుకి ఇంత తినాల, కంటికి ఇంత చూడాల, ఆ తర్వాతే సూది" అనేవాడు. కడుపు కోయించుకునే దానికి వచ్చిన మా పెదనాయనకి ముందు దినం పరోటాలు తినిపించి, డాక్టరమ్మ చేత ఆయనకంటే ఎక్కువ తిట్లు ఈయనే తిన్నాడు. "నీళ్ళు లేని ఏరు, రాజు లేని కోట, అయినా చూడండి ఎట్లుండాదో!" అని చెయ్యి చాపి చూపిస్తే, కోట మా తాతే కట్టించినాడేమో అనిపించేది.

మామ ఊరు చూపించేదంతా అమాస నాడే. అమాస నాడు నేతగాళ్ళు మగ్గం ముట్టరు. ఆదివారం గీదివారం మాకు తెలీదు, నెలకి ఆ ఒక్క దినమే సెలవు. ఆ సెలవు కూడా మగవాళ్ళకే. ఆడవాళ్ళకి ఆ దినమే రెండింతల చాకిరీ. ఇల్లు కడగాల, తలకి పోసుకోవాల, వడలూ అరటికాయ కూరా చేసి పోయిన పెద్దలకి ఆకు వెయ్యాల, కాకి ముట్టేదాకా నోట్లో నీళ్ళు కూడా పోసుకోకూడదు. మిగతా దినాల్లో అత్త నూలు కండెలు చుట్టకపోతే మామకి మగ్గం ఆడదు. అంటే మామకి తీరికైన దినం అత్తకి తీరిక లేదు, అత్తకి తీరికైన దినమంటూ లేనే లేదు. వేలూరేమో బస్సెక్కితే గంట.

ఆమెకి ఆశ లేదనుకోవద్దు. మామ తిరిగొచ్చి చెప్తా ఉంటే, కండె పక్కన పెట్టి మరీ వినేది. "ఆ మంటపంలో ఏనుగుకీ ఎద్దుకీ కలిపి ఒకటే తల చెక్కినారంట! అదెట్ల కుదురుతాదయ్యా?" అని ప్రతిసారీ అడిగేది. "చెప్తే అర్థం కాదే, చూడాల. వచ్చే నెల పోదాం" అనేవాడు మామ. నేను పెద్దదాన్నయినాక, "ఈ అమాసకి నేను వండతాలే అత్తా, నువ్వు పోయి రా" అని ఎంత బతిమాలినానో! "ఇంటి కోడలే ఆకు వెయ్యాల నాయనా. పెద్దలు అలిగితే?" అనింది. పెద్దలంట పెద్దలు! బతికున్నప్పుడు ఆమెని కూచోనీలేదు, పోయినాక కదలనీలేదు. నాకు ఇప్పటికీ వాళ్ళ మీద కోపమే.

చివరికి అత్త వేలూరు పోయింది, జబ్బుతో. అన్నం మింగుడు పడకపోయినా మాకు తెలీకుండా దాచుకోనింది. మామ మగ్గం ఆపేసినాడు, అమాస కాదు ఏమీ కాదు. బస్సు దిగంగానే, "ముందు కోటకి పోదాం పా" అన్నాడు. "ఇప్పుడెందుకు? బాగయినాక నిమ్మళంగా చూస్తాను. నొప్పితో చూస్తే ఏం బాగుంటాది?" అనింది అత్త. ఆమె మాట కాదనలేక ఆసుపత్రికే పోయినాము. చానా దినాలు ఉండినాము. ఒకనాడు డాక్టరమ్మ మామని పక్కకి పిలిచి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మని చెప్పింది.

ఆ మధ్యాన్నమే ముగ్గురమూ ఆటో ఎక్కినాము. "కోట్టై సుత్తి పోప్పా" అన్నాడు మామ ఆటోవాడితో అరవంలో, కోట చుట్టి పొమ్మని. ఆటో అగడ్త పక్కకి వచ్చేసరికి మొదలుపెట్టినాడు. "ఇదో, ఇదే అగడ్త. అదో గోపురం, కనిపించిందా? దాని లోపలే ఉండాది మంటపం..." అత్త తల ఆయన భుజం మీద ఉండింది. కండ్లు మూసుకోనింది. నాకు ప్రాణం ఆగలేదు. "అత్తా, కోట! చూడత్తా!" అని ఆమె చెయ్యి పట్టుకోబోతే మామ నన్ను ఆపినాడు.

"లేపొద్దమ్మా. నిద్రపట్టి ఎన్ని దినాలైందో."

అని గొంతు తగ్గించి, నిద్రపోయే మనిషికే చెప్పుకుంటా వచ్చినాడు, ఊరు దాటేదాకా. నేను బయటికి చూస్తా ఏడ్చినాను.

అత్త ఆ నెల దాటలేదు. తర్వాతి అమాసకి ఆకు వేసే దానికి ఇంట్లో కోడలు లేదు. మామే పొద్దున్నే లేచి తలకి పోసుకోని, వడలు మాడ్చి, అరటికాయ కూరలో ఉప్పు మరిచిపోయి, అత్తకీ పెద్దలకీ తన చేత్తోనే ఆకులు వేసినాడు. కాకి వచ్చి తిని పోయింది. ఏ పెద్దా అలగలేదు. ఆ కోట వందల ఏండ్లుగా ఎండకీ వానకీ అట్లే నిలబడి ఉండాది, మా అత్త కోసం ఒక్క పూట ఆగే దానికి మాత్రం కాలానికి తీరిక లేకపోయింది.