‘పోవు దారి’ కింద మంచం

వెల్దుర్తి వదిన ఇక లేదని ఆమధ్య ఒక పొద్దున మేనేజరు టిఫిన్ల దగ్గర చెప్పాడు. నరసరావుపేటలోని మా వృద్ధాశ్రమంలో వయసుతో పని లేకుండా ఆమె అందరికీ వదినే. అందరూ ఏడ్చారు. నేనూ ఏడుస్తూనే, రేపు నా కోసం ఇంతమంది ఏడుస్తారా అని చుట్టూ చూశాను. వదినంటే నాకు చివరిదాకా కుళ్లే.

ఆమె రాకముందు హాల్లో పెద్దరికం నాది. కిటికీ పక్క మంచం, టీవీ రిమోటు, కోడళ్ల మీద చాడీలు చెప్పుకోవడానికి వచ్చే జనం, అన్నీ నావే. తలుపు పక్క మంచం మాత్రం ఖాళీ. ఆ తలుపు మీద ఆకుపచ్చ దీపం, అందులో పరుగెత్తే మనిషి బొమ్మ ఉంటాయి. మాలో పరుగెత్తగలిగేవాళ్లు ఎవరూ లేరనుకోండి. నిప్పంటుకుంటే ఆ వెలుగు చూసి బయటపడాలట, కరెంటు పోయినా అది ఆరకూడదట, అది రూలు. అందరికీ అర్థం కావాలని మేనేజరు దాని కింద తెలుగులో ‘పోవు దారి’ అని రాయించాడు. ఇంక అక్కడ పడుకునే ధైర్యం ఎవరికి?

వదిన వచ్చిన రోజే అది చదివి పకపకా నవ్వింది. “బోర్డు లేకపోతే పోకుండా ఉంటామా ఏంది? నా మూట ఇక్కడే పెట్టండి.”

ఆ సాయంత్రమే గాలివానకి కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. హాలంతా చీకటి, ఆ మూల తప్ప. ఒక్కొక్కరే కర్రలు పట్టుకుని వెళ్లి ఆమె మంచం చుట్టూ చేరారు. నేను కిటికీ దగ్గర బిగదీసుకుని కూర్చున్నాను.

“ఏమే కిటికీ మరదలా, చీకట్లో ఎవరి మీద అలిగావ్? రా ఇటు” అంది. అందరి ముందూ పిలిచినందుకు ఇంకా మండింది.

రోజూ తలుపు ముందు చెప్పులు, వాకర్లు తీయించేది. “దారి లేకపోతే దీపం ఎందుకే?” అనేది. కంట్లో పడుతోందని ఎవరో దీపం మీద తువ్వాలు కప్పితే, మేనేజరుతో పోట్లాడి తీయించింది. ఎన్నాళ్లుగానో ఉంటున్నా ఇవన్నీ నాకెందుకు తట్టలేదని రగిలిపోయేదాన్ని. నిప్పంటుకుంటే ఎలా బయటపడాలో మాతో చేయించిన మాక్ డ్రిల్ రోజు మాత్రం, మోకాళ్ల నొప్పులతో వెనకబడిన నా చెయ్యి పట్టుకుని అందరి వెనక తనే నడిచింది. ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు నాకు.

పెద్దకర్మ అయ్యాక ఆ మంచం నేనే అడిగి తీసుకున్నాను. మొన్న సాయంత్రం కరెంటు పోయింది. అందరూ నా దగ్గరికే వచ్చారు! పొంగిపోయి తలగడ వైపు సర్దుకుని కూర్చున్నాను.

“చెల్లెమ్మా, కాస్త ఇటు జరుగు. అది వదిన కూచునే చోటు” అన్నాడు మా హాల్లోనే ఉండే కారంపూడి అన్నయ్య.

ఒళ్లు మండినా జరిగాను. ఆ జానెడు చోటులో ఎవరూ కూర్చోలేదు. కబుర్లన్నీ అటు తిరిగే చెప్పుకున్నారు. కాసేపటికి నేనూ అటే తిరిగాను.