మీ అమ్మగారికీ ఉన్నాయా?

మా బావ హనుమత్ప్రసాద్ ఎవరి ముఖం మీదైనా చిన్న బుడిపె చూశాడంటే "మీ అమ్మగారికీ ఉన్నాయా?" అని అడిగి తీరతాడు. ఎదురుగా ఉన్నది ఎవరు, ఇది అడగాల్సిన చోటేనా అన్న ఆలోచనే ఉండదు. పంజాగుట్టలో చర్మవైద్యుడు కాబట్టి క్లినిక్‌లో అడిగితే సరే. చలానా రాస్తున్న కానిస్టేబుల్‌ని కూడా అడిగాడు మహానుభావుడు. హెల్మెట్ లేనందుకు ఆపినాయన కాగితాలన్నీ తీయించాడు.

పెళ్లిళ్లకు బయల్దేరే ముందు మా అక్క హైమవతి ఒట్టు వేయించుకుంటుంది. "ఏవండీ, అక్షింతలు వేసి, భోంచేసి వచ్చేద్దాం. ఎవరి ముక్కు జోలికీ వెళ్లకండి!" బావ బుద్ధిగా తలూపుతాడు. స్టేజి ఎక్కి పెళ్లికొడుకు చెవిలో ఏదో అంటాడు. పెళ్లికొడుకు కంగారుగా వాళ్లమ్మ వైపు చూస్తాడు. వెంటనే మా అక్క నాకు ఫోన్ చేసి "ఒరేయ్, కారు తియ్యి" అంటుంది.

"నీకెందుకు బావా ఈ గొడవ?" అని ఓసారి టిఫిన్ తింటూ అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"చెమట గ్రంథుల్లోంచి, వెంట్రుకల కుదుళ్లలోంచి పుట్టే గడ్డలు కొన్ని ఉంటాయిరా. ఎడ్నెక్సల్ ట్యూమర్లంటారు. అరుదు. చాలావరకు ఏ హానీ చెయ్యవు. ఒక్కటే ఉంటే పరీక్ష చేసి ఊరుకుంటాం. ముక్కు చుట్టూ గుంపుగా ఉన్నాయనుకో, ఇంట్లో వాళ్ల ముఖాలన్నీ చూడాలి. జన్యువుల్లో దిగుతాయి కదా!" అంటూ మొదలుపెట్టి, నా ఇడ్లీ చల్లారి గట్టిపడేదాకా చెప్పాడు.

ఈమధ్య క్లినిక్‌లో ఇన్వర్టర్ పాడైతే బాగుచేయడానికి బల్కంపేట నుంచి మెకానిక్ ఐలయ్య వచ్చాడు. ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి కూతురు నవీన స్కూటీ మీద వచ్చింది. చున్నీ కళ్ల కిందిదాకా చుట్టుకుని ఉంది. ఫ్యాన్లు తిరగని ఉక్కకు తట్టుకోలేక ఒక్క క్షణం చున్నీ దించింది. ముక్కు చుట్టూ ఉన్న బుడిపెలు చూడటానికి మా బావకు ఆ క్షణం చాలు.

"మీ అమ్మగారికీ ఉన్నాయా?"

"మీకెందుకు సార్!" అని ఆ అమ్మాయి విసవిసా వెళ్లిపోయింది.

ఐలయ్య నొచ్చుకున్నాడు. "ఏమనుకోకుండ్రి సార్. సోమారం మైత్రీవనంల కోచింగ్ సెంటర్‌ల డెమో క్లాస్ ఉన్నది బిడ్డకు. పాఠం మస్తు చెప్తది. గీ ముఖంతోని మందిల ఎట్ల నిలవడాలె, పోనే పోనంటున్నది."

"ఆదివారం మీ ఇంటికొస్తాను. ఇంట్లో అందరినీ చూడాలి. అమ్మాయి తల్లి తరఫు వాళ్లు కూడా ఉంటే ఇంకా మంచిది" అన్నాడు బావ.

ఐలయ్య ముఖం వెలిగిపోయింది.

ఆదివారం బండి నడపడానికి నన్ను లాక్కెళ్లాడు. వాకిట్లో ముగ్గు, సోఫా మీద కొత్త దుప్పటి, పక్కింటి కిటికీల్లో జనం. నన్ను సోఫా మధ్యలో కూర్చోబెట్టి మిర్చి బజ్జీల పళ్లెం చేతికిచ్చారు. "నౌకరి పర్మినెంటేనా బాబు? తాగుడు గీగుడు ఏమన్న ఉన్నదా?" అని ఐలయ్య నన్ను అడుగుతుంటే నాకేమీ అర్థం కాలేదు. నవీన పట్టుచీర కట్టుకుని, ముఖానికి పౌడర్ దట్టించి, టీలు పట్టుకొచ్చాక అర్థమైంది. ఇంటికొచ్చి అందరినీ చూస్తానని బావ అన్నది సంబంధం కోసమనుకున్నాడు ఐలయ్య. అవి పెళ్లిచూపులు. పెళ్లికొడుకుని నేను!

బావ కాలు తొక్కాను. ఆయనకు పట్టలేదు.

"ముఖం కడుక్కుని రామ్మా" అన్నాడు నవీనతో. బజ్జీ నా గొంతుకు అడ్డం పడింది.

"వాళ్లమ్మగారిని పిలవండి."

"ఆమె ఊరికి పోయింది సార్" అన్నాడు ఐలయ్య నేల చూపులు చూస్తూ.

"మరి లోపల బజ్జీలు వేస్తున్నదెవరు?"

వంటింట్లో మూకుడు చప్పుడు ఆగిపోయింది. నవీన తల్లి లచ్చమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చి, బావ అడగ్గా అడగ్గా తీసింది. ముక్కు చుట్టూ కూతురికి ఉన్నట్టే బుడిపెలు. "ఉన్నాయి!" అని అరిచాడు మా బావ, లాటరీ తగిలినవాడిలా. నాకు ఆయన నోరు మూసేయాలనిపించింది.

లచ్చమ్మ ఏడుపు అందుకుంది. "తప్పు నాది సారూ, సంబంధం చెడగొట్టకుండ్రి. చిన్నప్పుడు బిడ్డను నా పక్కల పండవెట్టుకున్న, నా తువ్వాలతోనే ముఖం తుడిచిన. గట్లనే అంటుకున్నయి. గప్పటిసంది దానికి ముద్దు సుత పెట్టలే."

బావ లేచి, మూలన విడిగా ఆరేసిన తువ్వాలు చూపించి "ఇదేనా మీది?" అన్నాడు. ఆమె తలూపింది. దాన్ని తీసుకుని, బజ్జీ నూనె అంటిన మూతి, ముక్కు, నుదురు, మెడ అన్నీ తీరిగ్గా తుడుచుకుని భుజాన వేసుకున్నాడు.

"అంటుకునేవైతే ఇలా తుడుచుకుంటానా తల్లీ? కళ్లు మీవి వచ్చాయి, జుట్టు మీది వచ్చింది, ఇవీ అలాగే వచ్చాయి. పుట్టకముందే వచ్చినవాటికి తువ్వాలేం చేస్తుంది? చిన్న ముక్క తీసి పరీక్ష చేయిద్దాం. వీటితో ప్రమాదం చాలా తక్కువ, ఏదైనా ఉన్నట్టుండి పెరిగితే మాత్రం వెంటనే చూపించండి. కావాలంటే లేజర్‌తో తగ్గిస్తాను, మళ్లీ రావచ్చు కూడా. తప్పు మాత్రం ఎవరిదీ కాదు."

నవీన ముఖం కడుక్కుని గుమ్మంలో నిలబడి వింటోంది. "అందరు నా ముఖం జూసి అటు తిరుగుతరు సార్. సక్కగ జూసింది మీరొక్కలే" అంది. లచ్చమ్మ భయం భయంగా కూతురి బుగ్గ మీద చెయ్యి వేసింది. ఆ పిల్ల ఆ చెయ్యిని గట్టిగా పట్టుకుంది. మా బావ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. ఆ ప్రశ్న ఆయన ఎందుకు అడుగుతాడో అప్పుడు బోధపడింది.

"మరి గీ పిలగాని సంగతి?" అన్నాడు ఐలయ్య మెల్లగా.

"ఏ పిల్లాడు?" అన్నాడు బావ. విషయం తెలిశాక ఇల్లంతా నవ్వులే. అందరికన్నా ఎక్కువ నవ్వింది నవీన. నేను కొంచెం నొచ్చుకున్నాను.

సోమవారం మేమిద్దరం, లచ్చమ్మ కోచింగ్ సెంటర్ అద్దాల తలుపు బయట నిలబడ్డాం. నవీన వచ్చింది. చున్నీ లేదు, పౌడర్ లేదు. పాఠం మొదలుపెట్టబోతుంటే ముందు బెంచీలోంచి ఎవరో అడగనే అడిగారు.

"మేడం, ముఖానికి ఏమైంది?"

లచ్చమ్మ నా చొక్కా పట్టుకుంది. నవీన తలుపు వైపు చూసి, వాళ్లమ్మను చూసి నవ్వింది.

"ఏం కాలే. మా అమ్మ పోలిక. ఇగ బోర్డు దిక్కు చూడుండ్రి."