దీన హాజరు రాసింది నేనే

ఐదేళ్లుగా ఒక మాట ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. అన్నం తింటున్నా, తెనాలి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా అది నాతోనే ఉంటుంది. ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బాపట్లలో డిప్లొమా అయ్యాక ఉద్యోగం దొరకలేదు. నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెబడిలో విద్యా వాలంటీరుగా చేరాను. ప్రతిదానికీ పట్టిక గీసే మనిషిని కాబట్టి హాజరు రిజిస్టరు నాకప్పగించారు. పిల్లల సంఖ్య తగ్గితే నా పోస్టు పోతుంది. అందుకని శనివారం బడి వదిలాక కూర్చుని, రానివాళ్ళకు కూడా వారమంతటికీ హాజరు వేసేవాణ్ణి. నాకు ముందు చేసినవాళ్ళూ అలాగే చేశారు. దీనివల్ల ఎవరికి నష్టం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేదా?

ఐదో తరగతిలో దీన అనే పిల్ల ఉండేది. తల్లి లేదు. తండ్రి ఏసోబు తెల్లారకముందే కూలికి పోయి, పొద్దుగూకాక వచ్చేవాడు. ఒక శనివారం నేను రిజిస్టరు నింపుతుంటే కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పని మధ్యలో వచ్చినట్టున్నాడు, కాళ్ళకు బురద ఇంకా ఆరలేదు.

“బాబూ, మా దీన బడికొస్తందాండి?”

“వస్తోంది బాబాయ్. ఏంటి, ఏమైంది?”

“దాని చేతులు రొయ్యల వాసనేస్తన్నాయి. వేళ్ళు నానిపోయి తెల్లగా ఉంటన్నాయి. అడిగితే బడికే పోతన్నానంటది.”

రిజిస్టరు తిప్పి దీన వరస చూపించాను. అతనికి చదువు రాదు. గళ్ళ మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు.

“అన్నీ ఇంటూలే ఉన్నాయేంటండి? మాదానివన్నీ తప్పులేనా?”

“ఇంటూ అంటే వచ్చినట్టు బాబాయ్.”

“ఒక్కరోజూ మానలేదా!” నవ్వాడు. “నిన్న దాన్ని ఊరికే తిట్టాను. ఇప్పుడెళ్ళి బతిమాలుకోవాలి.”

ఆ వారం దీన ఒక్కరోజు కూడా బడికి రాలేదు. పెద్దమ్మ వెంట ఆటోలో రేపల్లె వైపు రొయ్యలు ఒలిచే షెడ్డుకు పనికి పోతోందని తోటిపిల్లలు అప్పటికే నాకు చెప్పారు. నాకు తెలుసు. అతను నా ఎదురుగా నిలబడి అడుగుతున్నప్పుడు కూడా తెలుసు.

మూడు నెలలకు అధికారులు ఆ షెడ్డు మీద పడ్డారు. దొరికిన పిల్లల్లో దీన ఉంది. బడికి విచారణకు వస్తున్నారని తెలిసి హెడ్మాస్టరుగారు “రిజిస్టరు సంగతి చూడు” అన్నారు. అంతకుమించి ఆయన ఏమీ అనలేదు. మిగతాదంతా నా తెలివి. కొత్త రిజిస్టరు తీసి జూన్ నుంచి మళ్ళీ రాశాను. ఒక్కరోజే కూర్చుని రాసినట్టు కనబడకుండా మూడు పెన్నులు మార్చాను. దీన వరసంతా గైర్హాజరు వేశాను. పాతదాన్ని మధ్యాహ్న భోజనం వండే పొయ్యిలో పెట్టాను.

బడి వరండాలో అందరి ముందూ అధికారి చెప్పాడు. పిల్లను బడికి పంపే బాధ్యత తల్లిదండ్రులది, పనిలో పెడితే కేసవుతుంది అని.

“నేను పెట్టలేదండి,” అన్నాడు ఏసోబు. “బడికొస్తందని ఈ సారుగారే పుస్తకం చూపిచ్చారండి.”

అధికారి రిజిస్టరు తెరిచి నావైపు చూశాడు. “జూన్ నుంచీ రావట్లేదండి,” అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. ఏసోబు వంగి, ఆరోజు నేను చూపించిన చోట తన కూతురి వరస వెతుక్కున్నాడు. అక్కడ ఒక్క ఇంటూ లేదు. కేసవుతుందని భయపడి, పిల్లను బడి మాన్పించింది తానేనని ఒప్పుకుంటూ వేలిముద్ర వేశాడు. ఆ కాగితం రాసింది కూడా నేనే. నా దస్తూరీ బాగుంటుంది.

దీనను బాపట్ల హాస్టలుకు పంపారు. ఆదివారం చర్చి గంట కొట్టే పని ఏసోబుది. కన్నబిడ్డను పనిలో పెట్టి అబద్ధమాడాడని ఆ పని కూడా వేరేవాళ్ళకిచ్చారు. ఇప్పటికీ అతను చివర్లో, చెప్పుల దగ్గర కూర్చుంటాడట.

ఆ తర్వాత చట్టంలో ఏముందో వెతికి చదివాను. తండ్రి ఉన్నాడు. పనిలో పెట్టుకున్నవాడు ఉన్నాడు. హాజరు రాసినవాడి కోసం పేజీలన్నీ తిప్పాను, నాకు కనబడలేదు. కనబడనందుకు ఊపిరి పీల్చుకున్నాను చూడండి, అది కూడా నా తప్పుల్లోనే రాసుకోండి. నిజం రాసిన కాగితం జేబులో పెట్టుకుని మూడుసార్లు ఆ అధికారి ఆఫీసు మెట్లదాకా వెళ్ళాను. మూడుసార్లూ తిరిగొచ్చాను.

క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. కానీ ఒక్కరికైనా ఇది తెలియాలి. దీన రాని రోజుల్లో వచ్చిందని రాసింది నేను. తర్వాత ఆ అబద్ధాన్ని కాల్చేసి, తప్పు తండ్రి మీదికి తోసింది నేను. ఏసోబు బాబాయ్ అబద్ధమాడలేదు. ఆ ఏడాది తన పిల్ల బడికి వస్తోందా అని కిటికీదాకా వచ్చి అడిగింది అతనొక్కడే.